చర్చ: పలికే ఖురాన్ కలాలను మా మక్తబ్‌కు తీసుకోవాలా, వద్దా?

వాడ మసీదు కార్యదర్శి (చర్చ ప్రారంభం)

అస్సలాము అలైకుమ్. మాది ప్రకాశం జిల్లాలో నూట యాభై గడపల వాడ. మసీదును ఆనుకుని ఉన్న మక్తబ్‌లో అసర్ నమాజు తర్వాత నలభై మంది పిల్లలు నాజిరా (ఖురాన్‌ను చూసి చదవడం) నేర్చుకుంటారు. మా వాడవారే ఒకరు జిద్దాలో స్థిరపడ్డారు. ఆయన పాతిక పలికే కలాలను, వాటితో వచ్చే ముషఫ్‌లను (ఖురాన్ ప్రతులను) విరాళంగా పంపుతామని కబురు చేశారు. కలం మొనను ఏ ఆయత్ (ఖురాన్ వాక్యం) మీద ఆనిస్తే ఆ ఆయత్ ఖారీ (ఖురాన్ పఠించే ఆయన) గొంతులో వినిపిస్తుంది, మాట మీద ఆనిస్తే ఆ మాట ఒక్కటే వినిపిస్తుంది. కమిటీలో సగం మంది తీసుకుందామంటున్నారు. మక్తబ్‌లో చెప్పే మా హాఫిజ్ సాబ్ (ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవారు) మాత్రం అవసరం లేదని ఒక్క మాటలో తేల్చి, కారణం చెప్పకుండా వెళ్లిపోయారు. ఇటువంటి పరికరాలను వాడి చూసినవారు తమ అనుభవం తెలియజేయగలరు.

రెహల్

వ అలైకుమ్ అస్సలామ్. నేను కర్నూలులో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు నాజిరా, హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం) చెబుతున్నాను. మీ హాఫిజ్ సాబ్ మనసులో ఏముందో నాకు తెలియదు గాని, నన్ను అడిగినా వద్దనే అంటాను. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను. సూరె (అధ్యాయం) బఖరా ఐదో ఆయత్‌లో ‘మిన్’, ‘రబ్బిహిమ్’ అనే మాటలు పక్కపక్కన ఉన్నాయి. కలాన్ని మొదటి మాట మీద పెడితే ‘మిన్’ అంటుంది, రెండో మాట మీద పెడితే ‘రబ్బిహిమ్’ అంటుంది. విడివిడిగా రెండూ సరైనవే. కలిపి చదివేటప్పుడు మాత్రం నూన్ వెళ్లి రేలో కలిసిపోయి ‘మిర్రబ్బిహిమ్’ అవుతుంది. మాట మాటగా నేర్చిన పిల్లవాడు నా దగ్గరకు వచ్చి నూన్‌ను విరిచి పలుకుతాడు, ఎక్కడ నేర్చావురా అంటే కలం ఇలాగే చెప్పిందంటాడు.

హిఫ్జ్‌లో రోజూ మూడు పాఠాలు ఒప్పజెప్పాలి. సబఖ్ అంటే ఆనాటి కొత్త పాఠం, సబ్ఖీ అంటే నాలుగు రోజుల కిందటివి, మంజిల్ అంటే పాతది అంతా. ఈ మూడింటిలోనూ చదివేది పిల్లవాడు, వినేది ఉస్తాద్. వినడం రాని వస్తువును తెచ్చి ఉస్తాద్ కూర్చునే చోట పెట్టడం నాకు అర్థం కాని పని.

పాత బస్తీ

హాఫిజ్ సాబ్ చెప్పిన తర్వాత ఇంకా చర్చ ఎందుకో తెలియడం లేదు.

తహారత్

అన్నిటికంటే ముందు తేలవలసిన విషయాన్ని ఎవరూ అడగలేదు. ఆ కలంలో ఖురాన్ ముప్ఫై జుజ్‌లూ (భాగాలూ) నిక్షిప్తమై ఉన్నాయి కదా. మరి దానిని వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) లేకుండా పిల్లలు పట్టుకోవచ్చా? ‘పరిశుద్ధులు తప్ప ఇతరులు దానిని తాకరు’ అని సూరె వాఖిఆ 79వ ఆయత్‌లో ఉన్నది. నలభై మంది పిల్లలు ఆటల నుంచి నేరుగా వచ్చి దానిని పట్టుకుంటారు.

బిందువు

నేను అరబ్బీ అక్షరాల ఫాంట్లు, వాటి కోడ్‌ల మీద పని చేస్తాను కనుక, ఆ కలం లోపల ఏముంటుందో చెబితే తహారత్ భాయ్ సందేహం కొంత తీరుతుందేమో. ఆ కలం అక్షరాలను చదవదు. ముషఫ్ పుట మీద కంటికి ఆనీ ఆనకుండా సన్నని చుక్కల వరుసలు అచ్చు వేసి ఉంటాయి. ఆ చుక్కలు కార్బన్ ఉన్న నల్ల సిరావి, అక్షరాలు కార్బన్ లేని సిరాలతో అచ్చయినవి. కలం మొనలో పరారుణ కాంతిని వెదజల్లే దీపం, చిన్న కెమెరా ఉంటాయి. కార్బన్ సిరా ఆ కాంతిని పీల్చుకుంటుంది, మిగిలిన సిరాలు పీల్చుకోవు. అందువల్ల కెమెరాకు అక్షరాలు కనబడవు, చుక్కలే కనబడతాయి. ఆ చుక్కల అమరిక ఒక సంఖ్య. ఆ సంఖ్యకు ఎదురుగా జ్ఞాపక చిప్‌లో ఏ శబ్ద ఫైలు ఉంటే అదే మోగుతుంది. అదే కలాన్ని మీ ఇంట్లోని వేరే ముషఫ్ మీద ఆనించి చూడండి, మూగబోతుంది.

కనుక కలంలో ఉన్నది రాత కాదు, ధ్వని. పుట మాత్రం నిస్సందేహంగా ముషఫే, ముషఫ్‌కు ఉన్న నియమాలన్నీ ఆ పుటకూ ఉన్నట్టే. ఫోను తెర విషయంలో కూడా నేటి ఉలమాలలో (మత పండితులలో) చాలామంది దానిని ముషఫ్‌గా లెక్కించడం లేదు. ఆయత్ తెర మీద ఉండగా అక్కడ వేలు పెట్టకుండా ఉంటే మంచిదని చెప్పేవారూ ఉన్నారు.

నేను అడగదలచినది వేరు. పంపుతున్నది ఏ అచ్చు? మదీనాలో 1984లో ప్రారంభమైన కింగ్ ఫహద్ ముద్రణాలయం వారి పద్ధతిలో పుటకు 15 వరుసలు, మొత్తం 604 పుటలు ఉంటాయి, ప్రతి పుట ఆయత్ చివరనే ముగుస్తుంది. మన పిల్లలు ఖాయిదా (తొలి వాచకం) నుంచి అలవాటు పడినది మన దేశపు అచ్చు. ఖడా జబర్, ఖడీ జేర్, ఉల్టా పేష్ అని మనం నేర్పే దీర్ఘాల గుర్తులు మదీనా అచ్చులో అదే రూపంలో ఉండవు. అలిఫ్ నెత్తిన చిన్న సాద్ తల వంటి గుర్తు కనబడితే మన పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. కార్యదర్శి గారు పెట్టె మీద ఏముందో చూసి చెప్పాలి.

తహారత్

రాత కాదు, ధ్వని అన్నారు. పోనీ, ఆ మొన పుటను తాకుతున్నది కదా? చేయి కలాన్ని, కలం పుటను తాకినప్పుడు, చేయి పుటను తాకినట్టు కాదా?

రెహల్

తహారత్ భాయ్, ముషఫ్‌కు అతికి ఉండని విడి వస్తువుతో పుటను తిప్పడానికి మన హనఫీ ఫిఖ్‌లో (ధర్మశాస్త్రంలో) అవకాశం ఉంది. అయినా పిల్లల చేత వుజూ చేయించడం ఏ మక్తబ్‌లోనైనా మొదటి పాఠం. దీనిని ఇక్కడితో వదిలేద్దాం.

బిందువు భాయ్ అచ్చు మాట ఎత్తారు కనుక నేనూ ఒక మాట చెప్పాలి. హాఫిజ్ మెదడులో ఖురాన్ మాటలుగానే కాదు, పుటలుగా కూడా ఉంటుంది. రమజాన్ రాత్రుల తరావీహ్ నమాజులో నిలబడి చదువుతున్నప్పుడు, ఫలానా ఆయత్ ఎడమ పుటలో కింది నుంచి మూడో వరుసలో మొదలవుతుందని కళ్లు మూసుకున్నా కనబడుతుంది. అందుకే ఏ ప్రతి మీద హిఫ్జ్ మొదలుపెట్టామో చివరి వరకూ ఆ అచ్చు మీదనే చదివిస్తాము. ఫోనులో అక్షరాన్ని కాస్త పెద్దది చేయగానే వరుస చెదిరిపోతుంది, పుట అన్నదే లేకుండా పోతుంది. 2020లో మక్తబ్‌లు మూతపడినప్పుడు యాప్‌లో హిఫ్జ్ సాగించిన ముగ్గురు పిల్లలు తర్వాత నా దగ్గరకు వచ్చారు. ఒకే రకంగా మొదలయ్యే రెండు ఆయత్‌లు వస్తే ముగ్గురూ ఒక సూరె నుంచి మరో సూరెలోకి జారిపోయేవారు.

బిందువు

అక్షరం పెద్దదయితే వరుస చెదరడం అన్ని యాప్‌లలోనూ జరగదు, హాఫిజ్ సాబ్. మదీనా ముషఫ్‌ను ఉన్నదున్నట్టు చూపడానికి పుటకొక ఫాంటు చొప్పున 604 ఫాంట్లు తయారు చేశారు. పుట రూపం దానిలో వెంట్రుకవాసి కదలదు. అచ్చుతప్పుల భయం ఉన్నవారి కోసం మరొక సంగతి చెబుతాను. ఇంటర్నెట్‌లో ఒకప్పుడు ఎవరికి తోచినట్టు వారు టైపు చేసిన పాఠాలు తిరిగేవి, ఒకదానిలో చిన్న అలిఫ్ ఉంటే మరొకదానిలో ఉండేది కాదు. 2007లో తంజీల్ అనే ప్రాజెక్టు మొదలై, యూనికోడ్‌లో సరిచూసిన పాఠాన్ని సిద్ధం చేసి, ఒక్క గుర్తు కూడా మార్చకూడదనే షరతుతో అందరికీ ఇచ్చింది. నేటి యాప్‌లలో చాలావాటికి ఆధారం అదే. పాఠంలో తప్పులు రాకుండా చూడడానికి ప్రభుత్వాలు కూడా చట్టాలు చేశాయి. పాకిస్తాన్‌లో 1973 నాటి చట్టం అచ్చుతోపాటు రికార్డింగులలోని తప్పులకూ వర్తిస్తుంది, మలేషియాలో 1986 నాటి చట్టం ఉన్నది.

గుంటూరు ఆపా

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. చట్టాలు, ఫాంట్లు, పుటలు అన్నీ మాట్లాడారు గాని, మక్తబ్ గడప ఎక్కనివారి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను నూర్‌బాషా (దూదేకుల) కుటుంబంలో పుట్టాను. మా ఇంట్లో తాతల నాటి నుంచి మాట్లాడేది తెలుగే. బడిలో పంతులమ్మగా ముప్ఫై ఒక్క ఏళ్లు పని చేసి పదవీ విరమణ పొందాను. ఎనిమిదేళ్ల వయసులో మక్తబ్‌కు పంపితే, నేను ‘అల్‌హమ్దు’ అన్న తీరుకు తోటి పిల్లలు నవ్వారు, వారితోపాటు చెప్పే ఆయనా నవ్వారు. నాలుగో రోజు నుంచి వెళ్లలేదు. ఖురాన్ అర్థాన్ని తెలుగు అనువాదంలో చదువుకున్నాను. తొలి తెలుగు అనువాదకులుగా పేరున్న చిలుకూరి నారాయణరావు గారి పేరు నాకు తెలిసింది ఆ రోజుల్లోనే. అరబ్బీ మాత్రం తెలుగు లిపిలో రాసిన పుస్తకాలతోనే సరిపెట్టుకున్నాను.

మూడేళ్ల కిందట మా అబ్బాయి ఈ కలం తెచ్చి ఇచ్చాడు. మొదటిసారి సూరె అలఖ్ మీద పెట్టాను. అందులో ‘ఖలఖ’ అనే మాట ఉన్నది. తెలుగు పుస్తకంలో రెండు అక్షరాలూ ఒకటే ‘ఖ’. కలం వినిపించినప్పుడు మొదటిది గొంతులో గరగరలాడింది, చివరిది కొండనాలుక దగ్గర ఠక్కున తెగింది. అరవై ఏళ్లు ఒకే అక్షరం అనుకున్నది రెండు అక్షరాలని ఆ రాత్రి తెలిసింది. అదే మాట మీద కలాన్ని ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. అది విసుక్కోలేదు, నవ్వలేదు. హాఫిజ్ సాబ్ వినడం రాని వస్తువు అన్నారు. నిజమే, అది వినదు. వినడం వచ్చినవారు నా మాట విన్నారా అన్నది నా ప్రశ్న.

కువైట్ కాకా

ఆపా మాట నిజం. మేము ఇక్కడ 2004 ప్రాంతంలోనే ఖురాన్ మొత్తం ఉన్న ఇల్కోన్ ఫోను చూశాము. డ్యూటీకి వెళ్లే బస్సులో చదువుకునేవారికి అప్పుడే అది ఎంతో ఉపయోగపడింది. ఈ కలాలను సెలవుకు వచ్చే ప్రతి రెండో మనిషి పెట్టెలో చూస్తున్నాను.

చుక్కల లిపి

నాకు చూపు లేదు, ఈ చర్చను తెర చదివే సాఫ్ట్‌వేర్ సాయంతో వింటున్నాను. పరికరం అనగానే అందరూ కలం దగ్గరే ఆగిపోయారు. కలాన్ని ఎక్కడ ఆనించాలో తెలియడానికి ముందు కన్ను ఉండాలి కదా. నాకు పనికివచ్చింది బొడిపెల బటన్లు ఉండి, సూరె సంఖ్య నొక్కితే పలికే చిన్న పెట్టె. బ్రెయిల్ ఖురాన్ కూడా నా దగ్గర ఉన్నది, అది ఒక్క పుస్తకంగా ఉండదు, సంపుటాల వరుస ఒక బీరువా అర నింపుతుంది. అరబ్బీ కుడి నుంచి ఎడమకు సాగుతుంది, బ్రెయిల్‌లో మాత్రం దానినే ఎడమ నుంచి కుడికి చదువుతాము. వుజూ ప్రశ్నకు ముందు ఇటువంటివాటి ధర గురించి ఎవరైనా ఆలోచిస్తే సంతోషిస్తాను.

రెహల్

ఆపా, మీకు జరిగినది తప్పే. నవ్విన ఆ మనిషిని నేను సమర్థించను. కాని ఒక చెడ్డ ఉస్తాద్‌ను చూపి ఉస్తాద్ అనే వ్యవస్థనే తీసివేయమనడం సబబు కాదు. దైవదూత జిబ్రీల్ చదివి వినిపించగా ప్రవక్త గారు విన్నారు, ప్రవక్త గారు చదవగా సహాబాలు (ఆయన సహచరులు) విన్నారు, వారి నుంచి ఒకరి ముందు ఒకరు కూర్చుని నేర్చుకుంటూ ఇంతవరకూ వచ్చింది. నా ఉస్తాద్ ఎవరో, ఆయన ఉస్తాద్ ఎవరో నేను చెప్పగలను. మీ కలానికి ఉస్తాద్ ఎవరు?

ఇక తెలుగు అక్షరాలలో రాసుకుని చదివే అలవాటు ఉన్నవారికి కలమైనా, రేడియో అయినా ఒకటే. పునాదిలోనే లోపం ఉన్నప్పుడు పైన ఏ యంత్రం పెట్టినా ఫలితం ఉండదు.

బిందువు

కలంలో వినిపించే గొంతుకూ ఒక ఉస్తాద్ ఉంటారు, హాఫిజ్ సాబ్. 1961 నాటికే కైరోలో షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గారి గొంతులో ఖురాన్ మొత్తం రికార్డయింది. ఆ రికార్డింగును ఉపక్రమించినవారి ఉద్దేశం కూడా సరైన పఠనం ఉస్తాద్ దొరకని ఊళ్లకు చేరాలనే. అంతకు ముందు అచ్చు యంత్రం విషయంలోనూ ఇదే వాదన జరిగింది. వెనిస్‌లో 1537-38లో అచ్చయిన ప్రతి తప్పులమయం, కనుక అచ్చును అనుమానించినవారిని తప్పుపట్టలేము. ఇస్తాంబుల్‌లో 1727లో ముద్రణకు అనుమతి ఇచ్చినప్పుడు మతగ్రంథాలను మినహాయించారు. చివరకు 1924 నాటి కైరో ప్రతి చాలా దేశాలకు ప్రమాణమైంది. ఇప్పుడు మీ రెహల్ (ముషఫ్ పెట్టుకునే పీట) మీద ఉన్నదీ అచ్చు ప్రతే.

గుంటూరు ఆపా

‘పునాదిలోనే లోపం’ అన్నారు. ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను, హాఫిజ్ సాబ్. ఎనిమిదేళ్లప్పుడు విన్నదీ ఇదే.

తెలుగు ఇంట్లో పుట్టడం మీకు లోపంగా కనబడుతున్నది. మరి ఉర్దూ ఇళ్ల సంగతి చూద్దామా? హైదరాబాదు ఉర్దూలో ఖాఫ్ (‘ఖలఖ’లోని చివరి అక్షరం) ఎక్కడున్నది? ‘ఖరీబ్’ అన్నా, ‘ఖిస్మత్’ అన్నా పెద్ద ఖాఫ్ పోయి ఖే (‘ఖలఖ’లోని మొదటి అక్షరం) మిగిలింది. ‘ఖలఖ’లోని రెండు అక్షరాలను వారు ఒకటిగానే పలుకుతారు, మేమూ ఒకటిగానే పలుకుతాము. వారు పలికితే అది యాస అవుతుంది, మేము పలికితే లోపం అవుతుంది. ఈ తేడా ఏ తజ్వీద్ (ఉచ్చారణ నియమాల) పుస్తకంలో ఉన్నదో చూపించండి.

తెలుగు లిపి చాలదని నాకూ తెలుసు, పైన నేను చెప్పినది అదే. చాలదని తెలిసినప్పుడు చాలేది నేర్పవలసిన బాధ్యత ఎవరిది? మా పేటలో ముప్ఫై మంది ఆడవాళ్లు ఉన్నారు. నేను ముగ్గురు పెద్దలను అడిగాను. మగవారు చెప్పకూడదని ఒకరు, వయసు మళ్లినవారికి రాదని ఒకరు, ముందు ఉర్దూ నేర్చుకోమని ఒకరు చెప్పారు. దైవగ్రంథం అరబ్బీలో ఉంటే నేను ఉర్దూ ఎందుకు నేర్చుకోవాలో ఆయనకే తెలియాలి.

పాత బస్తీ

మా భాషను అనవసరంగా ఈ చర్చలోకి లాగవద్దు.

తెనాలి పొలిమేర

లాగినది ఆపా కాదు, భాయ్. పై పోస్టులు మళ్లీ చదవండి.

నిర్వాహకుడు

ఇళ్ల గురించి, భాషల గురించి ఎత్తిపొడుపులు ఇంతటితో ఆపండి. ప్రశ్న పాతిక కలాల గురించి. దానికి సంబంధం లేని తర్వాతి పోస్టు తొలగించబడుతుంది.

రెహల్

తొలగిస్తే తొలగించండి, ఇది రాయక తప్పదు. ఆపా, ‘పునాది’ అన్న మాట నేను వాడకుండా ఉండవలసింది. మీ ఇంటిని దృష్టిలో పెట్టుకుని అన్నది కాదు, అయినా మీకు అలా తగిలింది కనుక వెనక్కి తీసుకుంటున్నాను.

నాకు తగిలినది ఏమిటో కూడా వినండి. నాకు నెలకు తొమ్మిది వేలు ఇస్తారు. కిందటి రమజాన్ తర్వాత కమిటీలో ఒకాయన, అందరి ముందు, ‘పిల్లలు ఫోనులో వింటూనే ఉన్నారు, ఇంకా మీరు చెప్పేది ఏమున్నది’ అని అడిగారు. నేను ఆ నెల రోజులూ తరావీహ్‌లో ముప్ఫై జుజ్‌లూ నిలబడి చదివిన మనిషిని. నా వెనుక సామెగా (తప్పులు దొర్లకుండా వినేవాడిగా) నిలబడినవాడు నా దగ్గరే హిఫ్జ్ చేసిన కుర్రవాడు. పదిహేడో రోజున నేను ఒక చోట తడబడితే లుఖ్మా ఇచ్చి (సరైన మాట అందించి) నిలబెట్టినది వాడే. ఆ ప్రశ్న అడిగిన కమిటీ ఆయన ఆ రాత్రి కూడా మొదటి వరుసలోనే ఉన్నారు. అప్పటి నుంచి ఎవరైనా పరికరం అనగానే నాకు ఆ ప్రశ్నే వినబడుతున్నది.

కువైట్ కాకా

హాఫిజ్ సాబ్ చెప్పిన తర్వాత నాకొక అనుమానం వచ్చింది. కార్యదర్శి భాయ్, పాతిక కలాలు ఎవరు పంపుతున్నారో చెప్పారు గాని, మీ మక్తబ్ ఉస్తాద్‌కు ఇప్పటివరకూ జీతం ఎవరు పంపుతున్నారో చెప్పలేదు. గల్ఫ్ నుంచి వచ్చే విరాళాల లెక్క మాకు తెలియనిది కాదు.

వాడ మసీదు కార్యదర్శి

కాకా అడిగారు కనుక దాచను. జీతం కూడా ఆ జిద్దా పెద్దమనిషే ఆరేళ్లుగా పంపుతున్నారు. కలాలు వచ్చిన నెల నుంచి జీతం పంపడం వీలుపడదని, పిల్లలను కలాలతో కూర్చోబెట్టి చూసుకోవడానికి చదువుకున్న కుర్రవాడు ఒకడు చాలునని ఆయన అన్నారు. మా హాఫిజ్ సాబ్‌కు ఈ సంగతి తెలుసు. చర్చ మొదట్లోనే రాస్తే అందరూ డబ్బు గురించే మాట్లాడతారని, పరికరం మంచిచెడ్డలు తేలవని రాయలేదు. అది నా పొరపాటు.

తెనాలి పొలిమేర

అది పొరపాటు కాదు, ప్రశ్ననే మార్చివేయడం. ‘కలాలు తీసుకోవాలా’ అని అడిగి, ‘ఉస్తాద్‌ను తీసివేయాలా’ అన్న దానికి మా చేత జవాబు చెప్పించబోయారు.

గుంటూరు ఆపా

ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నేను మొదటి పోస్టును వేరే విధంగా రాసేదాన్ని. నేను కలాన్ని సమర్థించినది ఎవరూ చెప్పనివారి కోసం. చెప్పే మనిషి ఉన్న చోట నుంచి ఆయనను లేపి, ఆ చాప మీద కలాన్ని కూర్చోబెట్టమని నేను అనలేదు, అనను. మీ వాడలో మక్తబ్‌కు రాలేని ఆడవాళ్లు, వృద్ధులు ఉంటే కలాలు వారి ఇళ్లకు పంపండి. నలభై మంది పిల్లల దగ్గర ఉస్తాద్ ఉండవలసిందే.

హాఫిజ్ సాబ్, ఈ ఒక్క విషయంలో మీ పక్షాన ఉన్నాను. మిగిలినవాటిలో లేను.

బిందువు

ఈ మధ్య వినే యాప్‌లు కూడా వచ్చాయి. మనం చదువుతూ ఉంటే అవి విని, మాట వదిలినా, మార్చినా తెర మీద గుర్తు చూపుతాయి. మాట తప్పిందా లేదా చెప్పడం వాటికి సులభం. ఖే సరైన చోటు నుంచి వచ్చిందా, నూన్ ఎంతసేపు ముక్కులో ఆగింది అన్న లెక్కలో మాత్రం వాటిని నేను ఇంకా నమ్మడం లేదు, ఆ రంగంలో ఉండి చెబుతున్నాను. కనుక జీతం ఆపడానికి సాంకేతికతను సాక్ష్యంగా తేవద్దని జిద్దా పెద్దమనిషికి నా మాటగా చెప్పవచ్చు.

రెహల్

ఆపా, కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. ‘ఖలఖ’ మీరు ఎలా పలుకుతున్నారో వినాలని ఉంది. నాకు పంపవద్దు. మా ఇంట్లోవారు హాఫిజా, వారి ఫోనుకు పంపండి, నంబరు నిర్వాహకుల ద్వారా అందజేస్తాను.

తహారత్

రికార్డు చేసేటప్పుడు వుజూ ఉండాలా?

రెహల్ (మరుసటి రోజు)

మా ఇంట్లోవారు ఆపా పంపినది నాలుగుసార్లు విన్నారు. చివరి ఖాఫ్ చక్కగా ఉన్నదని, కొండనాలుక దగ్గరే తెగుతున్నదని, ఈ ఊళ్లో చాలామంది కంటే మేలని అన్నారు. మొదటి ఖే ఇంకా తెలుగు ‘ఖ’గానే ఉన్నదట, నాలుక వెనుక భాగం అంగిలికి అంటుకుని విడిపోతున్నదట. అంటుకోకూడదు, గాలి రాసుకుంటూ బయటకు రావాలి. మూడేళ్లుగా కలం ఈ సంగతి మీకు చెప్పలేదు, చెప్పజాలదు కూడా. నేను మొదటి నుంచి అంటున్నది ఇదే.

గుంటూరు ఆపా

ఒప్పుకుంటున్నాను. కలం రెండు అక్షరాలలో ఒకటి నేర్పింది, రెండోది నేర్పలేకపోయింది. మీ వ్యవస్థ అరవై ఏళ్లలో రెండింటిలో ఒక్కటి కూడా నేర్పలేదు.

అంతకంటే పెద్ద విషయం ఒకటి ఉన్నది. మీ ఇంట్లో ఒక హాఫిజా ఉన్నారని ఇరవై పోస్టులు దాటిన తర్వాత గాని మీరు చెప్పలేదు. నేను అడిగిన ముగ్గురు పెద్దల ఇళ్లలో కూడా అలా ఎవరైనా ఉన్నారేమో, నాకు తెలియదు, వారూ చెప్పలేదు. ఆమె కర్నూలులో ఎంతమంది ఆడవాళ్లకు చెబుతున్నారు?

రెహల్

మా ఇద్దరు అమ్మాయిలకు. ఇంకెవరూ అడగలేదు.

గుంటూరు ఆపా

ఎవరికీ తెలియనప్పుడు ఎవరు అడుగుతారు? శనివారం ఉదయం పది గంటలకు ఫోను చేస్తానని ఆమెకు చెప్పండి. మా పేట నుంచి నాతోపాటు మరో నలుగురు ఉంటారు. ఫీజు ఎంతో ఆమెనే చెప్పమనండి, మీరు చెప్పవద్దు.

వాడ మసీదు కార్యదర్శి

నమూనాగా ఒక పెట్టె ముందే వచ్చింది, ఈ రోజు విప్పి చూశాము. బిందువు భాయ్ అడిగినట్టు అది మదీనా అచ్చే. మా అమ్మ రోజూ సూరె యాసీన్ చదివే మనిషి, కాసేపు పుట వైపు చూసి, అక్షరాలు తెలిసినట్టే ఉన్నాయి గాని చదవడం కుదరడం లేదని పక్కన పెట్టారు. కలం మొన ఆనించగానే ఖారీ గొంతు వెంట తాను చూడకుండానే సూరె చివరి వరకూ చదివేశారు. మన అచ్చుతో వచ్చే కలాలు పంపగలరా అని జిద్దాకు రాశాను. జుమా తర్వాత కమిటీ కూర్చుంటుంది. చర్చనీయాంశాలలో కలాలు మాత్రమే ఉన్నాయి, హాఫిజ్ సాబ్ జీతం లేదు. దానిని మొదటి అంశంగా చేర్చమని, ఆయనను కూడా పిలవమని ఈ రోజే కాగితం మీద రాసి ఇచ్చాను.